పసుపు వన్నె బిడ్డ – మేము చేసిన ఆలస్యము



ఈ సంగతిని మా సంఘములో రెండు మూడుసార్లు ప్రసంగపీఠము నుండి చెప్పాము గాని, కాగితము మీద పెట్టడానికి చాలాకాలము వెనుకాడాము. కాపరి తన తప్పు తానే చాటుకుంటే విశ్వాసులలో చులకన అవుతాడని పెద్దలొకరు అన్నారు. అది నిజమే కావచ్చు. అయినను మా గౌరవముకంటె ఒక పసిబిడ్డ ప్రాణము విలువైనది గనుక వ్రాస్తున్నాము.

మా సంఘములో ఒక కుర్రవాడు ఉన్నాడు. ఇప్పుడిప్పుడే మీసకట్టు వచ్చింది. ఆదివారము అందరికంటె ముందు వచ్చి చాపలు పరుస్తాడు. ముందు వరుసలో కూర్చుంటాడు. పాట మొదలైనప్పుడు పక్కవారి నోటివైపు చూచి తానును పెదవులు కదుపుతాడు. వాక్యము చెప్పుచున్నంతసేపు మా ముఖము మీదనుండి చూపు త్రిప్పడు. అతనికి వినబడదు. అది తల్లి గర్భమునుండి వచ్చిన చెవుడు కాదు. పుట్టిన అయిదు దినములలో వచ్చినది. ఆ అయిదు దినములలో ఒక సాయంత్రము ఆ బిడ్డ మా చేతులలో ఉన్నాడు.

అది 2009 డిసెంబరు 22వ తేదీ. మేము థియాలజీ డిప్లొమా ముగించుకొని ఆ పల్లెకు కాపరిగా వచ్చిన క్రొత్త రోజులు. గుడి ముందు వెదురు బద్దలతో నక్షత్రము కట్టిస్తున్నాము. రాత్రికి యౌవనస్థులతో ఇంటింటి పాటలకు వెళ్ళాలి. పిల్లల నాటిక ఇంకా కుదరలేదు. ఆ హడావుడిలో పొగాకు పనులకు పోయే ఒక విశ్వాసి, అతని అత్తగారు పాతచీరలో చుట్టిన బిడ్డతో వచ్చారు. ఇంటివద్దనే మంత్రసాని చేతి మీద 20వ తేదీన పుట్టిన మగబిడ్డ. వారికి రెండవ సంతానము.

"అయ్యగారూ, బాబు ఒళ్ళంతా పసుపు రాసినట్టుగా ఉన్నాడండీ. నిన్న పొద్దుటికే మొహం పచ్చబడింది. ఇయ్యాల పొట్ట దాకా దిగింది. పాలు కూడా సరిగ్గా పట్టడం లేదు. ప్రార్థన చెయ్యండి" అన్నది ఆ అమ్మమ్మ.

మేము బిడ్డ నుదుట నూనె రాసి, చేతులుంచి ప్రార్థించాము. నిజము చెప్పాలంటే మనసు సగము నక్షత్రము మీదనే ఉన్నది. ఆమెన్ చెప్పి, "భయపడవద్దమ్మా, పసిబిడ్డలకు ఇది మామూలే. పొద్దుటి ఎండలో కాసేపు పెట్టండి. తగ్గకపోతే పండుగ వెళ్ళినాక టౌనుకు తీసుకువెళ్దాము" అన్నాము. వారు సంతోషముగా వెళ్ళిపోయారు.

ఆ మాటలలో సగము నిజమే. పసిబిడ్డలలో చాలామందికి కామెర్లు వచ్చి, వాటంతట అవే పోతాయి. మిగతా సగము మాకు తెలియదు. తెలియదన్న సంగతి కూడా మాకు అప్పుడు తెలియదు.

క్రిస్మసు ఉదయము, తెల్లవారుజాము ఆరాధనలో ఉండగా ఆ తండ్రి చెప్పులు లేకుండా పరుగెత్తుకొని వచ్చాడు. మేము వెళ్ళి చూచేసరికి బిడ్డ వీపు విల్లులాగ వెనుకకు వంగిపోయి ఉన్నది. ఏడుపు సన్నగా, కీచుగా వస్తున్నది. 108 బండిలో పెద్ద ఆసుపత్రికి చేరిన వెంటనే డాక్టర్లు బిడ్డ ఒంట్లోని రక్తమును కొద్దికొద్దిగా తీసివేస్తూ, దాని స్థానములో వేరే రక్తము ఎక్కించారు. దేవుని కృపవలన బిడ్డ బ్రతికాడు. అయితే ఏడాదిన్నర వయసులో గుడిలో డప్పు మ్రోగినా తల త్రిప్పకపోవుట చూచి పరీక్ష చేయించగా, వినికిడి పోయినట్లు తేలింది. పలక మీద వ్రాసేటప్పుడు చెయ్యి కూడా కొంచెము మెలికలు తిరుగుతుంది.

డాక్టరుగారు మమ్మల్ని కోప్పడలేదు. "మూడు రోజుల ముందు తెచ్చివుంటే బాగుండేదండీ" అని మాత్రము అన్నారు.

ఆ తల్లి కూడా మమ్మల్ని ఎన్నడును నిందించలేదు. అయితే చాలాకాలము తరువాత ఒకనాడు మా వాకిట్లో మిరపకాయలు తొడిమలు తీస్తూ, తల ఎత్తకుండా అన్నది: "ఆరోజు మీరు ఆసుపత్రికి పొమ్మంటే పోయేవాళ్ళమండీ అయ్యగారూ. మీరు చెప్తే పోకుండా ఉంటామా?"

సేవకులారా, ఆ మాట దయచేసి ఇంకొకసారి చదవండి. పల్లెలో బిడ్డకు జబ్బు చేస్తే చాలా కుటుంబములు మొదట వచ్చేది మన గుమ్మములోకే. మనము పంపితే వెళ్తారు. మనము ఆపితే ఆగిపోతారు. ఆ భయముతోనే మేము తరువాత డాక్టర్లను, నర్సమ్మలను అడిగి కొంత నేర్చుకున్నాము. నేర్చుకున్నది మీకు చెప్తున్నాము.

కామెర్లు ఎందుకు వస్తాయి?

మన రక్తములోని ఎర్ర కణములు పాతబడి విరిగిపోయినప్పుడు బిలిరుబిన్ అనే పసుపుపచ్చని పదార్థము పుడుతుంది. దానిని కాలేయము శుద్ధిచేసి, పైత్యరసముతో పేగులలోనికి, అక్కడనుండి మలముతో బయటకు పంపుతుంది. బిడ్డ కడుపులో ఉన్నంతకాలము మావి ద్వారా ఆ పని తల్లి శరీరమే చేస్తుంది. బొడ్డు కోసిన తరువాత ఆ బరువంతా బిడ్డ కాలేయము మీద పడుతుంది. అది ఇంకా పని నేర్చుకుంటున్న కాలేయము. అంతేగాక పసిబిడ్డలో ఎర్ర కణములు ఎక్కువ, వాటి ఆయుష్షు తక్కువ. అందుచేత నెలలు నిండి పుట్టిన బిడ్డలలోనే నూటికి సుమారు 60 మందికి, నెలలు నిండనివారిలో సుమారు 80 మందికి మొదటి వారములో ఈ పసుపు కనిపిస్తుంది. పెద్దవారికి వచ్చే అంటు కామెర్లు వేరు, ఇది వేరు. ఇది ఒకరినుండి ఒకరికి అంటదు.

మామూలు కామెర్లు రెండవ మూడవ దినమున మొదలై, మూడునుండి అయిదు దినముల మధ్య ఎక్కువై, రెండు వారములలోపు తగ్గిపోతాయి. బిడ్డ హుషారుగా పాలు త్రాగుతూ ఉంటుంది. అయితే బిలిరుబిన్ మితిమీరి పెరిగితే అది మెదడులోనికి చేరి, వినికిడిని, అవయవముల కదలికను శాశ్వతముగా చెరుపుతుంది, ప్రాణమును కూడా తీస్తుంది. ఒకసారి చెడిన తరువాత ఏ మందూ దానిని తిరిగి తేలేదు. ముందుగా తెస్తే మాత్రము దాదాపు ఎల్లప్పుడును ఆపగలరు.

కాబట్టి ఈ గుర్తులలో ఏ ఒక్కటి కనిపించినా ఆ పూటే ఆసుపత్రికి బయలుదేరాలి:

1. పుట్టిన 24 గంటలలోపే పసుపు కనిపించుట.
2. పసుపు ముఖమునుండి రొమ్ముకు, పొట్టకు, కాళ్ళకు దిగుట. అరచేతులు, అరికాళ్ళు పచ్చబడితే క్షణము ఆగకూడదు.
3. బిడ్డ మత్తుగా పడివుండుట, పాలు పట్టకపోవుట, ఒళ్ళు వ్రేలాడిపోవుట.
4. కీచుగా ఏడ్చుట, వీపు వెనుకకు వంచుట, ఫిట్సు, జ్వరము.
5. నెలలు నిండిన బిడ్డకు రెండు వారములు దాటినా పసుపు పోకపోవుట.
6. మలము సున్నమువలె తెల్లగా, మూత్రము గుడ్డకు పసుపు మరక అంటేటట్లు ముదురుగా వచ్చుట. ఇది పైత్యనాళము మూసుకొనిపోయిన గుర్తు కావచ్చు. దానికి ఆపరేషను రెండు నెలల వయసులోపు జరిగితేనే మంచి ఫలితము.

చూచేటప్పుడు దీపపు వెలుగులో కాక, పగటి వెలుగులో, గుమ్మము దగ్గర చూడండి. నుదుటి మీద, రొమ్ము మీద, కాలి మీద వ్రేలితో మెల్లగా నొక్కి వదిలితే చర్మము అసలు రంగు తెలుస్తుంది. చామనఛాయ బిడ్డలలో కంటి తెల్లగుడ్డు, చిగుళ్ళు కూడా చూడాలి. అయినను కంటిచూపు మోసము చేస్తుంది. ఎంత ఉన్నదో ఖాయముగా చెప్పేది పరీక్ష మాత్రమే.

ఆ కుర్రవాని తల్లిది నెగటివ్ రక్తము, బిడ్డది పాజిటివ్. తొలిచూలు కాన్పులో బిడ్డ రక్తము కొంత తల్లి రక్తములో కలిసి, ఆమె శరీరము పాజిటివ్ రక్తమును శత్రువుగా ఎంచుట నేర్చుకున్నది. రెండవ బిడ్డ ఎర్ర కణములను అదే విరగగొట్టింది. అందుకే మరునాటికే పసుపు కనిపించింది. దీనిని ఆపడానికి యాంటీ-డి అనే ఇంజెక్షను ఉన్నది. నెగటివ్ రక్తమున్న తల్లికి పాజిటివ్ బిడ్డ పుడితే 72 గంటలలోపు దానిని వేయాలి. ఏడవ నెలలోను వేస్తారు. గర్భస్రావమైనా డాక్టరును అడగాలి. ఆ తల్లికి తొలి కాన్పు కూడా ఇంటివద్దనే జరిగింది. ఆమె రక్తపు గ్రూపు ఏమిటో ఎవరును చూడలేదు. కాపరులమైన మేమును అడగలేదు.

దేవుడు మాకు రెండవ పాఠము మా ఇంటిలోనే నేర్పాడు. 2012 జూలైలో మాకు పాప పుట్టింది. మూడవ దినమున పసుపు రొమ్ము దాటింది. మా అమ్మ, "ముంజేతికి చిన్న వాత పెట్టిస్తే దిగిపోతాయి నాయనా. మీ చిన్నాన్నకు అట్లాగే దిగినాయి" అన్నది. పొరుగావిడ ముక్కులో ఆకుపసరు పిండేవారు పక్క ఊరిలో ఉన్నారని చెప్పింది. మా అత్తగారు పాపకు పంచదార నీళ్ళు పట్టమన్నారు, మా భార్యకు పప్పు, కూర మాన్పించి చారన్నము పెట్టమన్నారు. అందరును ప్రేమతోనే చెప్పారు. వారిమీద మాకు కోపము లేదు. వాతలు, పసర్లు పనిచేసినట్లు ఎందుకు కనబడతాయంటే, మామూలు కామెర్లు ఎలాగూ తగ్గిపోతాయి. పేరు వాతకు వస్తుంది, మచ్చ బిడ్డకు మిగులుతుంది. తగ్గని బిడ్డల విషయములో ఆ రెండు రోజులు వృథాగా పోతాయి. పసిబిడ్డకు వాత పెడితే పుండు చీము పట్టి ప్రాణము మీదకు వస్తుంది. పసరు ఊపిరితిత్తులలోనికి పోతుంది.

మేము 2009 తలచుకొని వణికిపోయాము. "అమ్మా, ప్రార్థన దారిలో చేసుకుందాము" అని పాపను తీసుకొని బయలుదేరాము. రక్తపరీక్షలో బిలిరుబిన్ 17 వచ్చింది. మా భార్యది ఓ గ్రూపు, పాపది బి గ్రూపు. తల్లిది ఓ అయినప్పుడు కొందరు బిడ్డలకు ఇలాగు వస్తుందట. పాప కళ్ళకు గంతలు కట్టి, గోచీ తప్ప బట్టలు లేకుండా నీలి లైట్ల క్రింద పడుకోబెట్టారు. పాలివ్వడానికి మాత్రము తీసి ఇచ్చేవారు. ఆ నీలి వెలుగు చర్మములోని బిలిరుబిన్ రూపమును మార్చి, కాలేయము ఎక్కువ కష్టపడకుండానే మూత్రములో, పైత్యములో బయటకు పోయేటట్లు చేస్తుంది. రెండు రాత్రులు గడిచేసరికి పాప గండము తప్పింది. ఆ రెండు రాత్రులు మేము లైటు పక్కన కూర్చొని మా పాపకంటె ఎక్కువగా ఆ మరియొక బిడ్డను తలచుకున్నాము.

ఈ నీలి లైటు ఒక నర్సు కనిపెట్టిన సంగతినుండి పుట్టింది. ఇంగ్లాండులో రాచ్‌ఫర్డ్ అనే ఊరి ఆసుపత్రిలో సిస్టర్ వార్డ్ అనే నర్సు నెలలు నిండని బిడ్డలను ఎండగా ఉన్న దినములలో బయటి ఆవరణలోనికి తీసుకువెళ్ళేది. 1956లో ఒకనాడు ఆమె ఒక బిడ్డను డాక్టర్లకు చూపించింది. ఒళ్ళంతా పసుపు వెలిసిపోయి, దుప్పటి కొస కప్పిన చోట మాత్రము త్రికోణముగా ముదురు పసుపు నిలిచి ఉన్నది. ఆ రోజులలోనే కిటికీ దగ్గర ఎండలో మరచిపోయిన రక్తపు గొట్టములో బిలిరుబిన్ తగ్గిపోయిన సంగతిని కూడా గమనించారు. డాక్టరు క్రీమర్, ఆయన తోటివారు పరిశోధించి 1958లో ప్రచురించారు. బిడ్డలను ప్రేమించి, కళ్ళు తెరచి చూచిన ఒక నర్సమ్మ వలన ఎందరి పిల్లలు బ్రతికారో!

అయితే ఇంటి ఎండనే చాలుగదా అని అడుగుతారు. చాలదు. ఎండలో ఎంత వెలుగు బిడ్డకు తగిలిందో మనకు లెక్క తెలియదు. లేత చర్మము కమిలిపోతుంది, ఒంట్లో నీరు ఆరిపోతుంది, చలికాలములో బట్టలు తీస్తే బిడ్డ చల్లబడిపోతుంది. నైజీరియా దేశములో హాని చేసే కిరణములను వడగట్టే ప్రత్యేకమైన తెరల క్రింద, ఆసుపత్రి కాపలాలో ఎండతో వైద్యము చేసి, ఆ ఫలితములను 2015లో ప్రచురించారు. అది మన వాకిలిలో చేసే పని కాదు. అన్నిటికంటె పెద్ద హాని ఏమిటంటే, ఎండలో పెట్టాము గదా అన్న ధైర్యముతో ఆసుపత్రికి ఆలస్యము చేస్తాము. మేము చేసినది అదే.

తల్లులకు ఒక మాట. ముర్రుపాలు పిండి పారబోయకండి. అవి బిడ్డ పేగులను కదిలించి నల్లని తొలి మలముతో పసుపును బయటకు పంపుతాయి. రాత్రింబగళ్ళు కలిపి 8నుండి 12 సార్లు పాలివ్వండి. మత్తుగా ఉన్నా లేపి ఇవ్వండి. పంచదార నీళ్ళు, తేనె, ఆముదము పట్టకండి. నీళ్ళవలన కామెర్లు తగ్గవు, పాలు త్రాగే ఆకలి తగ్గుతుంది. బాలింత పథ్యమునకు బిడ్డ కామెర్లకు సంబంధము లేదు. ఆమెకు పప్పు, ఆకుకూర, గుడ్డు కడుపునిండ పెట్టండి. ఇంకొక సంగతి: ట్రంకు పెట్టెలో కలరా ఉండలు వేసి దాచిన బట్టలు పసిబిడ్డకు తొడగకండి. కొందరు బిడ్డలకు పుట్టుకతోనే జి6పిడి అనే పదార్థము తక్కువగా ఉంటుంది. కలరా ఉండల ఘాటు వారి ఎర్ర కణములను విరగగొట్టి కామెర్లను పెంచుతుంది.

ఆసుపత్రికి వెళ్ళుట అవిశ్వాసమా? ఈ ప్రశ్న మమ్మల్ని చాలామంది అడిగారు. హిజ్కియా రాజు మరణకరమైన రోగములో ప్రార్థించాడు, దేవుడు విన్నాడు. విన్నానని చెప్పిన దేవుని ప్రవక్తయే అంజూరపు పండ్ల ముద్ద తెప్పించి కురుపు మీద వేయించాడు. ప్రార్థనకు జవాబు ఆ ముద్దలో వచ్చింది. సువార్త వ్రాసిన లూకా వైద్యుడు. మన తెలుగు నేల మీద 1883లో గుంటూరుకు వచ్చిన మిషనెరీ డాక్టరు అన్నా కుగ్లర్ మన తల్లులకు, బిడ్డలకు వైద్యము చేస్తూ తన జీవితమును ఇక్కడనే ముగించింది. ఆమె ప్రార్థించింది, మందును ఇచ్చింది. అటువంటివారి పంటను కోసుకున్న సంఘమునకు, మందు వద్దు అనే హక్కు ఎక్కడిది?

ఇప్పుడు మా సంఘములో ఒక చిన్న క్రమము ఉన్నది. గర్భిణుల పేర్లు ప్రార్థన పుస్తకములో వ్రాసినప్పుడు పక్కనే రక్తపు గ్రూపు వ్రాస్తాము. నెగటివ్ అయితే ఎర్ర సిరా. కాన్పు ఆసుపత్రిలోనే జరగాలని అడుగుతాము. బిడ్డ పుట్టిన మూడవనాడు మా భార్య, స్త్రీల సమాజపు పెద్దమ్మ ఒకరు వెళ్ళి, బిడ్డను గుమ్మములోనికి తెచ్చి చూచి, పాలు ఎన్నిసార్లు, మూత్రము ఎన్నిసార్లు అని అడిగి, ఆ తరువాత ప్రార్థన చేస్తారు. ఆశా కార్యకర్తలు కూడా 3, 7, 14, 21, 28, 42 దినములలో ఇంటికి రావలసి ఉన్నది. వారిని గుమ్మము దగ్గరనుండి పంపివేయకండి. 2011లో మొదలైన జననీ శిశు సురక్షా కార్యక్రమము క్రింద జబ్బుపడిన పసిబిడ్డకు సర్కారు ఆసుపత్రిలో వైద్యము, రక్తము, రాకపోకలు ఉచితము. డబ్బు లేదని ఆగవలసిన పని లేదు.

మొన్నటి క్రిస్మసు వారములో మరల నక్షత్రము కడుతున్నాము. మేము నిచ్చెన మీద ఉన్నాము. ఆ కుర్రవాడే క్రింద నిచ్చెన పట్టుకొని ఉన్నాడు. అంతలో ఒక యువకుడు, అతని భార్య నాలుగు దినముల బిడ్డతో వచ్చారు. "అయ్యగారూ, ప్రార్థన..." అంటుండగానే మేము దిగి బిడ్డ కాలు మీద వ్రేలితో నొక్కి చూచాము. పచ్చగా ఉన్నది. ఆ కుర్రవాడు మా ముఖము చూచాడు, బిడ్డను చూచాడు. ఎవరును చెప్పకుండానే రోడ్డు మీదికి పరుగెత్తి ఆటో ఆపాడు. మేము ఆ ఆటోలోనే, దారి పొడుగునా ప్రార్థించాము. ఆ బిడ్డ నాలుగవ దినమున ఇంటికి వచ్చింది. వినబడుతున్నది.

ఆ యేడు నక్షత్రము కొంచెము వంకరగానే వ్రేలాడింది. ఎవరును పట్టించుకోలేదు.

ప్రియులారా, మీ ప్రార్థనలలో ఆ కుర్రవానిని, అతని తల్లిదండ్రులను, మమ్మల్ని జ్ఞాపకము చేసుకొనుడి. మీ వీధిలో ఈ నెల పుట్టిన బిడ్డ ఉంటే రేపు ఉదయము వెలుగులో ఒకసారి వెళ్ళి చూడండి. ప్రభువు మీ ఇంటి పసివారిని కాపాడును గాక. ఆమేన్.